సలహాదారులు, నామినేటెడ్ పదవులు, ప్రజాధనం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు నియమించే సలహాదారుల గురించి, వారి హోదాల గురించి, వారిపైనా వారి చుట్టూ జరిగే ఖర్చు గురించి తరచుగా వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఈ ప్రశ్నలు మారవు. అడిగేవాళ్ళే మారుతుంటారు: నిన్న ప్రతిపక్షంలో కూర్చుని జీవోల ప్రతులు ఊపినవారు ఇవాళ ఆ జీవోలకే సంతకాలు పెట్టిస్తున్న సందర్భాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అందువల్ల ఈ జవాబుల్లో ఎవరి ఉద్దేశాల జోలికీ పోకుండా, ఏ నిర్ణయానికి ఏ కాగితం పుడుతుంది, అది ఎక్కడ ఉంటుంది, దాన్ని ఎలా అడగాలి అన్నంతవరకే పరిమితమయ్యాం.

ప్రభుత్వ సలహాదారు అంటే చట్టప్రకారం ఎవరు?

రాజ్యాంగంలో ఈ పదవి లేదు. రాష్ట్ర కార్యనిర్వాహక అధికారం గురించి చెప్పే 162వ అధికరణాన్ని ఆధారం చేసుకుని, సాధారణంగా సాధారణ పరిపాలన శాఖ జారీ చేసే ఒక జీవో ద్వారా ఈ నియామకం జరుగుతుంది. నోటిఫికేషన్ ఉండదు, దరఖాస్తులు పిలవరు, పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కు ప్రమేయం ఉండదు, అర్హతలు ముందుగా ప్రకటించరు. నియమించడం ఎంత తేలికో తొలగించడమూ అంతే తేలిక. ప్రభుత్వం మారగానే సలహాదారులు రాజీనామాలు పంపడం, పంపనివారిని ఒక్క ఉత్తర్వుతో ఇంటికి పంపడం ఆనవాయితీగా మారింది.

అయితే అందరినీ ఒకే గాటన కట్టకూడదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 నవంబరులో ప్రవచనకర్త చాగంటి కోటేశ్వరరావును విద్యార్థుల నైతిక విలువల సలహాదారుగానూ, 2025 మార్చిలో ఇస్రో మాజీ ఛైర్మన్ ఎస్.సోమనాథ్‌ను అంతరిక్ష సాంకేతికతకు గౌరవ సలహాదారుగానూ క్యాబినెట్ హోదాతో నియమించింది. తెలంగాణలో మాజీ ప్రధాన కార్యదర్శి రాజీవ్ శర్మ ఉద్యోగ విరమణ తర్వాత ప్రభుత్వ ముఖ్య సలహాదారుగా పనిచేశారు. ఒక రంగంలో నిపుణుడిని పిలవడం, విరమించిన అధికారి అనుభవాన్ని వాడుకోవడం, టికెట్ దక్కని నాయకుడికి కారూ గదీ సమకూర్చడం అనేవి మూడు వేర్వేరు పనులు. జీవోలో మూడింటికీ ఒకే మాట వాడతారు. ఏది ఏదో తెలుసుకోవాలంటే పదవి పేరును వదిలి, ఆ పదవికి అప్పగించిన విధులు రాసిన కాగితాన్ని చూడాలి.

క్యాబినెట్ హోదా ఉంటే మంత్రితో సమానమేనా?

కాదు. 164వ అధికరణం ప్రకారం గవర్నరు నియమించి, ప్రమాణం చేయించినవారే మంత్రులు. మంత్రి పదవీ ప్రమాణంతోపాటు అధికార రహస్యాలు కాపాడతానని కూడా ప్రమాణం చేస్తారు, శాసనసభకు సమష్టిగా జవాబుదారీ అవుతారు. సలహాదారుకు ఆ ప్రమాణమూ లేదు, సభలో లేచి జవాబు చెప్పాల్సిన బాధ్యతా లేదు. హోదా అన్నది ప్రోటోకాల్‌కు, జీతభత్యాలకు, వాహనానికి, సిబ్బందికి ఒక కొలబద్ద మాత్రమే.

మరి ఆ కొలబద్ద గురించి ఇంత వాదన ఎందుకంటే, 2003లో వచ్చిన 91వ రాజ్యాంగ సవరణ మంత్రుల సంఖ్యకు పరిమితి పెట్టింది. శాసనసభ సభ్యుల్లో 15 శాతానికి మించి మంత్రులు ఉండకూడదు. ఆ లెక్కన 175 మంది సభ్యులున్న ఆంధ్రప్రదేశ్‌లో ముఖ్యమంత్రితో కలిపి 26 మంది, 119 మంది ఉన్న తెలంగాణలో 18 మంది ఉండవచ్చు. ముందు తలుపు అలా మూసుకునేసరికి, మంత్రి పదవి ఇవ్వలేనివారికి మంత్రి హోదా ఇచ్చే పెరటి దారి వెడల్పయింది. తెలంగాణలో 2014 చివర్లో శాసనసభ్యులను పార్లమెంటరీ కార్యదర్శులుగా, అంటే మంత్రులకు సహాయకులుగా, నియమిస్తే 2015లో హైకోర్టు ఆ నియామకాలను నిలిపివేసింది. అసోంలో ఇటువంటి పదవుల కోసం తెచ్చిన చట్టాన్ని సుప్రీంకోర్టు 2017 జులైలో కొట్టివేసింది. సలహాదారులది వేరే కథ. వారు సాధారణంగా శాసనసభ్యులు కారు కాబట్టి ప్రభుత్వం కింద లాభదాయక పదవి చేపట్టిన శాసనసభ్యుడు అనర్హుడవుతాడన్న 191వ అధికరణం అభ్యంతరం వారికి తగలదు. శాసనసభ్యుడినే కార్పొరేషన్ ఛైర్మన్‌గా నియమిస్తే మాత్రం, ఆ పదవిని అనర్హత నుంచి మినహాయించే రాష్ట్ర చట్టం జాబితాలో అది ఉందో లేదో చూడాలి. జీతం తీసుకున్నారా లేదా అన్నది ముఖ్యం కాదనీ, పదవికి రాబడి ఉంటే చాలనీ 2006లో జయాబచ్చన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

సలహాదారు అధికారులకు ఆదేశాలు ఇవ్వవచ్చా?

ఇవ్వకూడదు. సచివాలయంలో ఫైలు సెక్షన్ ఆఫీసరు దగ్గర మొదలై సహాయ కార్యదర్శి, ఉప కార్యదర్శి, కార్యదర్శి మీదుగా మంత్రికి, అవసరమైతే ముఖ్యమంత్రికి వెళ్ళాలని ప్రభుత్వ కార్యనిర్వహణ నియమాలు చెబుతాయి. ఆ వరుసలో సలహాదారుకు చోటు లేదు. ఆచరణలో సలహాదారు సమీక్షా సమావేశం పెడితే ఏ కార్యదర్శీ రాకుండా ఉండరన్నది అందరికీ తెలిసిందే. అక్కడ నోటితో చెప్పిన మాట తర్వాత ఫైలులో ‘చర్చించిన మేరకు’ అన్న రెండు పదాలుగా మిగులుతుంది. నోట్ ఫైలు (అధికారులు ఒకరి తర్వాత ఒకరు తమ అభిప్రాయాలు రాసే పేజీలు) చేతికొస్తే ముందుగా ఆ రెండు పదాల కోసం వెతకండి. ఎవరితో చర్చించారో రాయని చోట బాధ్యత ఎవరిదన్న సంగతి కూడా రాయలేదని అర్థం.

ఈ నియామకాలను కోర్టులు తప్పుపట్టిన సందర్భాలు ఉన్నాయా?

ఉన్నాయి. దేవదాయ శాఖకు సలహాదారును నియమిస్తూ ఇచ్చిన జీవోను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2022 ఆగస్టులో నిలిపివేసింది. మంత్రి, కార్యదర్శి, కమిషనరు అందరూ ఉన్న ఒక శాఖకు మళ్ళీ సలహాదారు ఎందుకన్న ప్రశ్న ఆ వ్యాజ్యంలో ప్రధానంగా చర్చకు వచ్చింది. అంతకు ఏడాది ముందు, 2021 సెప్టెంబరులో, తిరుమల తిరుపతి దేవస్థానం పాలకమండలికి సుమారు యాభై మంది ప్రత్యేక ఆహ్వానితులను చేర్చిన ఉత్తర్వులను కూడా అదే హైకోర్టు ఆపింది. దేవస్థానం నడిచే 1987 నాటి దేవదాయ చట్టంలో పాలకమండలికి ఎంతమంది ఉండాలో రాసి ఉన్నందువల్ల అక్కడ వాదించడం కొంత సులువు. సలహాదారు విషయంలో అటువంటి చట్టమే లేదు కాబట్టి ఉల్లంఘన చూపించడం కష్టం.

వీటన్నిటికన్నా సూటిగా తగిలే ఉదాహరణ 2013 నాటిది. ఉమ్మడి రాష్ట్రంలో సమాచార కమిషనర్లుగా నియమితులైన వారిలో నలుగురి నియామకాన్ని హైకోర్టు రద్దు చేసింది, కారణం వారి రాజకీయ నేపథ్యం. సమాచార హక్కు చట్టంలోని 15వ సెక్షన్ కమిషనర్లకు ఏ అర్హతలుండాలో, వారు ఏ రాజకీయ పార్టీతోనూ సంబంధం లేనివారై ఉండాలని, ముఖ్యమంత్రి, ప్రతిపక్ష నేత, ఒక మంత్రి ఉన్న కమిటీ సిఫారసు చేయాలని నిర్దేశించింది. అర్హత రాతలో ఉంటేనే అనర్హతను నిరూపించగలం. 2019 ఫిబ్రవరిలో అంజలీ భరద్వాజ్ కేసులో సుప్రీంకోర్టు ఇంకొంత ముందుకు వెళ్ళి, ఎంపిక కమిటీ సభ్యుల పేర్లు, వడపోతకు వాడిన ప్రమాణాలు ప్రజల ముందు పెట్టాలని చెప్పింది. సలహాదారుల నియామకానికి ఇందులో పదో వంతు పద్ధతి ఉన్నా కోర్టు గుమ్మం ఎక్కే అవసరం చాలావరకు తగ్గేది.

నియామక జీవోలో ఏం చూడాలి?

చాలామంది పేరు, హోదా చూసి పక్కన పెట్టేస్తారు. నిజానికి జీవో ఒకటి రెండు పేజీలే అయినా పై నుంచి కింది దాకా చదవాల్సిన కాగితం. మొదట సంఖ్య చూడండి: ‘ఎంఎస్’ అని ఉంటే శాశ్వతంగా భద్రపరచాల్సిన, విధానపరమైన ఉత్తర్వు. ‘ఆర్‌టీ’ అని ఉంటే రోజువారీ వ్యవహారం కింద ఇచ్చినది. తర్వాత ‘చదవండి’ అన్న శీర్షిక కింద ఈ ఉత్తర్వుకు ముందు నడిచిన జీవోలు, లేఖలు తేదీలతో సహా ఉంటాయి. అసలు కథ అక్కడే మొదలవుతుంది కాబట్టి వాటి ప్రతులు కూడా అడగాలి.

ఉత్తర్వు భాగంలో పదవీకాలం రాశారా లేక ‘తదుపరి ఉత్తర్వుల వరకు’ అని వదిలేశారా చూడండి. ‘నియమ నిబంధనలు విడిగా జారీ అవుతాయి’ అన్న వాక్యం కనిపిస్తే జీతం, సిబ్బంది, వాహనం, వసతి వివరాలు వేరే జీవోలో ఉన్నాయన్నమాట. పత్రికల్లో వచ్చేది మొదటి జీవో, ఖజానాకు భారం పడేది రెండో జీవోతో. ఆర్థిక శాఖ సమ్మతి తీసుకుని ఉంటే, ఆ శాఖ యూవో నోట్ (శాఖల మధ్య నడిచే అంతర్గత నోటు) సంఖ్య, తేదీ ఉత్తర్వులో ఉదహరిస్తారు. ఆ వాక్యం లేదంటే సమ్మతి తీసుకున్నారా లేదా అన్నది అడగదగ్గ ప్రశ్న.

చివరిగా, ఎవరూ చూడని భాగం: ప్రతులు ఎవరెవరికి పంపారన్న జాబితా. పే అండ్ అకౌంట్స్ అధికారికి, ఖజానా శాఖకు ప్రతి వెళ్ళిందంటే చెల్లింపు ఉన్నట్టు. ప్రోటోకాల్ విభాగానికి వెళ్ళిందంటే వాహనం, వసతి ఉన్నట్టు. ‘గౌరవ’ సలహాదారు అని పైన రాసి, కింద ఆ రెండు కార్యాలయాలకూ ప్రతులు పంపిన ఉత్తర్వు కనబడితే, జీతం లేదన్నంత మాత్రాన ఖర్చు లేదని అనుకోనక్కరలేదు.

జీవోలు ఆన్‌లైన్‌లో ఉంటాయి కదా, మళ్ళీ అడగడం దేనికి?

ఉండాలి, అన్నీ ఉండవు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టు నుంచి జీవోలను అందరికీ తెరిచి ఉన్న పోర్టల్‌లో పెట్టడం ఆపేశారు. వివరాలు లేకుండా సంఖ్య మాత్రమే ఉన్న ఖాళీ జీవోలపై అప్పటికే దుమారం రేగింది. తర్వాత కొన్నిటిని ఈ-గెజిట్‌లో పెడుతూ వచ్చారు. ప్రభుత్వం మారాక 2024 ఆగస్టు చివర పాత పోర్టల్‌ను మళ్ళీ తెరిచి, మధ్యకాలం జీవోలను కూడా అందులో చేర్చాలని ఆదేశించారు. తెలంగాణలో వాసాలమర్రి దళితబంధు వ్యాజ్యం సందర్భంగా, జారీ చేసిన 24 గంటల్లో జీవోలను వెబ్‌సైట్‌లో పెట్టాలని 2021 ఆగస్టులో హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. ‘రహస్యం’ అని ముద్ర వేసిన జీవోలు ఇవాళ్టికీ కనిపించవు. పోర్టల్‌లో వరుస సంఖ్యలు చూస్తూ వెళితే 411 తర్వాత 413 కనిపిస్తుంది. మధ్యలో లేని 412 ప్రతిని ఏ శాఖది, ఏ నెలది అన్న వివరంతో అడగవచ్చు. రహస్య ముద్ర ఉన్నంత మాత్రాన సమాచార హక్కు చట్టం కింద తిరస్కరించడానికి వీల్లేదు, ఆ చట్టం 8వ సెక్షన్‌లోని మినహాయింపుల్లో ఏది వర్తిస్తుందో అధికారి రాతపూర్వకంగా చూపాలి.

ఒక సలహాదారుపై మొత్తం ఎంత ఖర్చయిందో తెలుసుకోవడం ఎలా?

ఇదే అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న, ఒక్క దరఖాస్తుతో జవాబు రాని ప్రశ్న కూడా. ఎందుకంటే ఆ ఖర్చు ఒకచోట ఉండదు. జీతం ఒక పద్దు కింద, వ్యక్తిగత కార్యదర్శి, అటెండరు జీతాలు ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ బిల్లు కింద, కారు అద్దె, ఇంధనం ఇంకో పద్దు కింద, ఇంటి అద్దె మరోచోట నమోదవుతాయి. విమాన టికెట్లు ప్రయాణ ఖర్చుల్లో కలిసిపోతాయి.

బడ్జెట్ పుస్తకాల్లో ప్రతి ఖర్చుకూ ప్రధాన పద్దు నాలుగు అంకెల్లో, అంతిమ వివర పద్దు మూడు అంకెల్లో ఉంటుంది. సచివాలయ ఖర్చు 2052 కింద వస్తుంది. అందులో 010 జీతాలు, 110 దేశీయ ప్రయాణ భత్యాలు, 130 కార్యాలయ ఖర్చులు, 280 వృత్తిపరమైన సేవలు, 300 ఇతర కాంట్రాక్టు సేవలు. ఈ అంకెలు గుర్తుపెట్టుకుంటే బడ్జెట్ పుస్తకం సగం లొంగినట్టే. అయినా సలహాదారు పేరుతో విడి వరుస ఉండకపోవచ్చు. కాబట్టి పేరుతో కాకుండా, బిల్లు డ్రా చేసే అధికారితో మొదలుపెట్టాలి. ప్రతి కార్యాలయానికీ ఒక డ్రాయింగ్ అండ్ డిస్బర్సింగ్ అధికారి ఉంటారు, వాడుకలో డీడీవో. ఫలానా సలహాదారుకు సంబంధించి ఫలానా డీడీవో ఫలానా ఆర్థిక సంవత్సరంలో సమర్పించిన బిల్లుల ప్రతులు కావాలని అడిగితే కాగితాలు కదులుతాయి. ‘మొత్తం ఎంత’ అని అడిగితే, ఆ రూపంలో సమాచారం మా దగ్గర లేదు అన్న జవాబు వస్తుంది. కార్యాలయంలో లేని లెక్కను మన కోసం కొత్తగా తయారు చేయాల్సిన బాధ్యత అధికారికి లేదు కాబట్టి, చట్టప్రకారం అది తప్పు జవాబు కూడా కాదు.

ఇది రాస్తున్నవారి సొంత అనుభవం ఒకటి. ఒక కార్యాలయానికి కేటాయించిన వాహనం ఖర్చు వివరాలు అడిగితే, వాహనాలు తమ పరిధిలోవి కావని దరఖాస్తును పక్క విభాగానికి పంపారు. పక్క విభాగం, బిల్లులు డ్రా చేసేది మొదటివారేనని తిప్పి పంపింది. మూడు నెలలు అలా గడిచాక, బిల్లుల సంగతి వదిలేసి ఆ కారు లాగ్ బుక్‌ను తనిఖీ చేస్తామని రాశాం. చట్టం పత్రాల ప్రతులనే కాక వాటిని కార్యాలయంలో కూర్చుని చూసే హక్కును కూడా ఇస్తుంది, మొదటి గంటకు రుసుము లేదు. నీలి అట్ట పుస్తకంలో తేదీ, బయలుదేరిన మీటరు అంకె, తిరిగొచ్చిన అంకె, డ్రైవరు పొట్టి సంతకం వరుసగా ఉన్నాయి. ప్రతిరోజూ సరిగ్గా ఎనభై కిలోమీటర్లు, ఆదివారాలతో సహా. ప్రయాణ ఉద్దేశం రాయాల్సిన గడిలో నెల మొత్తానికీ ఒకే మాట, దాని కింద ‘డిటో’ గుర్తులు. ఆ పేజీల నకళ్ళకు పేజీకి రెండు రూపాయల చొప్పున కట్టి తెచ్చుకున్నాం.

జీతం వివరాలు అడిగితే వ్యక్తిగత సమాచారమంటూ తిరస్కరించవచ్చా?

తిరస్కరించే ప్రయత్నం ఇప్పుడు పెరుగుతుంది. సమాచార హక్కు చట్టం 8(1)(జె) సెక్షన్ ఇంతకుముందు, ప్రజా కార్యకలాపాలతో సంబంధం లేని, లేదా వ్యక్తి గోప్యతకు అకారణంగా భంగం కలిగించే వ్యక్తిగత సమాచారాన్ని మాత్రమే మినహాయించేది, అందులోనూ విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చని చెప్పేది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ సెక్షన్‌ను కుదించి, వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క మాటకే మినహాయింపు ఇచ్చింది, ఆ సవరణ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. పార్లమెంటుకో శాసనసభకో నిరాకరించలేని సమాచారాన్ని పౌరుడికీ నిరాకరించరాదన్న నిబంధన కూడా దాంతోపాటే పోయింది. మా అభిప్రాయంలో గత ఇరవై ఏళ్ళలో ఈ చట్టానికి తగిలిన పెద్ద దెబ్బ ఇదే.

అయినా రెండు ఆధారాలు మిగిలాయి. ప్రభుత్వ సంస్థలు ఎవరూ అడగకుండానే వెల్లడించాల్సిన 17 అంశాలను 4(1)(బి) సెక్షన్ పేర్కొంటుంది, అందులో పదోది అధికారులకూ ఉద్యోగులకూ నెలనెలా ఇచ్చే వేతనం. అది చెక్కుచెదరలేదు. రెండోది 8(2) సెక్షన్: మినహాయింపు వర్తించినా, కలిగే హాని కన్నా ప్రజాప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చు. కనుక దరఖాస్తులోనే ఈ రెండు సెక్షన్లను ప్రస్తావించండి. సలహాదారు ఇంటి చిరునామా, బ్యాంకు ఖాతా, కుటుంబ వివరాలు అడగవద్దు. అవి మనకు అక్కరలేదు, పైగా మొత్తం దరఖాస్తును తోసిపుచ్చడానికి అవే సాకవుతాయి.

దరఖాస్తు ఎలా రాయాలి?

తెలుగులో తెల్ల కాగితం మీద రాస్తే చాలు, కారణం చెప్పనక్కరలేదు. గ్రామస్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆపైన పది రూపాయలు. దారిద్య్రరేఖకు దిగువనున్నవారు కట్టనవసరం లేదు, రేషన్ కార్డు ప్రతి జతచేస్తే సరిపోతుంది. పోస్టల్ ఆర్డరు జతచేసేవారు దాని సంఖ్యను దరఖాస్తులోనే రాసుకోవడం మంచిది.

అసలు మెళకువ ప్రశ్న రాయడంలో ఉంది. ‘ఫలానా వ్యక్తిని సలహాదారుగా ఎందుకు నియమించారు, ఆయన వల్ల రాష్ట్రానికి ఒరిగిందేమిటి’ అని రాస్తే అధికారి రెండు వాక్యాల్లో ముగిస్తారు: మీరు అడిగినది చట్టం నిర్వచించిన సమాచారం కిందికి రాదు. అదే విషయాన్ని ఇలా రాయవచ్చు: ‘ఫలానా తేదీ నాటి ఫలానా జీవో జారీకి దారితీసిన నోట్ ఫైలు, కరెంట్ ఫైలు ప్రతులు, సదరు సలహాదారుకు అప్పగించిన విధుల పత్రం, నియామకం నాటి నుంచి ఆయన ప్రభుత్వానికి సమర్పించిన నివేదికల ప్రతులు, నివేదికలేవీ లేకుంటే ఆ విషయం.’ కరెంట్ ఫైలు అంటే ఆ విషయంపై నడిచిన లేఖల కట్ట. దరఖాస్తులో చివరి ముక్క ముఖ్యం. ‘నివేదికలు లేవు’ అని సంతకంతో వచ్చే జవాబు, నివేదికంత విలువైన కాగితమే.

మంత్రివర్గ నిర్ణయమని చెప్పి ఇవ్వకపోతే, నిర్ణయం జరిగి వ్యవహారం ముగిశాక దాని కారణాలను, ఆధార పత్రాలను బయటపెట్టాలని 8(1)(ఐ) సెక్షన్‌లోనే ఉందని గుర్తుచేయండి. వేరే శాఖకు సంబంధించినదైతే ఐదు రోజుల్లో ఆ శాఖకు బదిలీ చేయాల్సింది అధికారే, మిమ్మల్ని తిప్పకూడదు.

ముప్పై రోజులు దాటినా జవాబు రాకపోతే?

తర్వాతి ముప్పై రోజుల్లో అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడ తేలకపోతే తొంభై రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. జాప్యానికి రోజుకు 250 రూపాయల చొప్పున గరిష్ఠంగా 25,000 రూపాయల జరిమానా అధికారి జేబు నుంచి కట్టించే అధికారం కమిషన్‌కు ఉంది. ఉండటం వేరు, వాడటం వేరు. తెలంగాణ సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే వరకు ఒక్క కమిషనరు కూడా లేరు, రెండేళ్ళకు పైగా అప్పీళ్ళు కట్టలుగా పేరుకుపోయాయి. నియామకాల పారదర్శకతను చూడాల్సిన సంస్థకే నియామకాలు జరగలేదు. అందుకే మొదటి అప్పీలును మొక్కుబడిగా కాకుండా, గట్టిగా రాయమని చెబుతుంటాం. కమిషన్ దాకా పోకుండా చాలా వ్యవహారాలు అక్కడే తేలతాయి.

కన్సల్టెన్సీ సంస్థలకు ఇచ్చే డబ్బు కూడా దీని కిందికే వస్తుందా?

వస్తుంది. నిజానికి వ్యక్తులైన సలహాదారుల మీద జరిగే చర్చలో పదో వంతు కూడా ఈ సంస్థల మీద జరగదు. ఒప్పంద పత్రం, పని పరిధి, అంచనా, గడువు, ప్రతి విడత చెల్లింపుకు ముందు సంస్థ ఇచ్చిన నివేదిక, దాన్ని ఆమోదించిన అధికారి నోటు అడగవచ్చు. వాణిజ్య రహస్యమని 8(1)(డి) సెక్షన్ చూపిస్తారు. సంస్థ సాంకేతిక రహస్యానికి అది చెల్లవచ్చు కానీ, పని అప్పగించాక ఖజానా చెల్లించిన మొత్తానికి చెల్లడం కష్టం. మూడో పక్షాన్ని, అంటే ఆ సంస్థను, సంప్రదించాలంటే 11వ సెక్షన్ ప్రకారం మొత్తం నలభై రోజుల్లో తేల్చాలి. టెండరు లేకుండా నామినేషన్ పద్ధతిలో ఇచ్చి ఉంటే, అందుకు కారణం రాసిన నోటును తప్పక అడగండి.

వంద కోట్లు దాటిన మౌలిక వసతుల టెండర్లను హైకోర్టు న్యాయమూర్తి స్థాయి వ్యక్తి ముందే పరిశీలించేలా ఆంధ్రప్రదేశ్ 2019లో ఒక చట్టం తెచ్చింది. టెండరు పత్రాలను వారం రోజులు ప్రజల ముందు పెట్టి అభ్యంతరాలు తీసుకునేవారు. తర్వాతి ప్రభుత్వం ఆ చట్టాన్ని రద్దు చేసింది. అది పనుల్ని ఆలస్యం చేసిందా, అక్రమాలను ఆపిందా అన్న వాదన అలా ఉంచితే, టెండరు పిలవకముందే పత్రాలు చూసే అవకాశం సామాన్యుడికి అప్పుడు దొరికింది, ఇప్పుడు లేదు.

బడ్జెట్‌లో చూపిన ఖర్చే నిజంగా జరిగిన ఖర్చా?

కానక్కరలేదు. బడ్జెట్ పుస్తకం ఒక అంచనా. ఫిబ్రవరిలోనో మార్చిలోనో చదివే అంకె, సవరించిన అంచనాలో ఇంకోటవుతుంది, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ కాగ్ ఆర్థిక పద్దుల్లో మూడోదవుతుంది. నమ్మదగినది మూడోదే, కానీ అది చేతికొచ్చేసరికి ఏడాది దాటుతుంది. 151వ అధికరణం ప్రకారం గవర్నరు ద్వారా శాసనసభ ముందుకు వచ్చేదాకా కాగ్ నివేదిక బయటపడదు. సమావేశాల ఆఖరి రోజు, ఆఖరి గంటలో బల్ల మీద పెట్టడం అన్ని ప్రభుత్వాలూ పాటించే సంప్రదాయం. ఈలోగా కాగ్ వెబ్‌సైట్‌లో నెలనెలా వచ్చే ప్రాథమిక లెక్కలు చూడవచ్చు, అవి తనిఖీ కానివని గుర్తుంచుకోవాలి.

కాగ్ నివేదికలో ముందుగా మూడు చోట్ల చూడండి. ఒకటి, పీడీ (పర్సనల్ డిపాజిట్) ఖాతాలు: సంచిత నిధి (ప్రభుత్వ ఆదాయం చేరే ప్రధాన ఖాతా) నుంచి డబ్బు ఈ ఖాతాల్లోకి మళ్ళగానే పద్దుల్లో ఖర్చయినట్టు పడుతుంది, నిజంగా ఖర్చు కాకపోయినా సరే. మార్చి 31 సాయంత్రం ఈ ఖాతాలు నిండటం అందుకే. రెండు, ఏసీ (అబ్‌స్ట్రాక్ట్ కంటింజెంట్) బిల్లులు: వివరాలు తర్వాత ఇస్తామని ముందే డ్రా చేసిన సొమ్ము, వివరాలతో డీసీ (డిటైల్డ్ కంటింజెంట్) బిల్లు పెట్టేదాకా దేనికి ఖర్చయిందో ఎవరికీ తెలియదు. మూడు, సభ ఆమోదించిన దాని కన్నా ఎక్కువ చేసిన ఖర్చు. 205వ అధికరణం ప్రకారం దాన్ని సభ మళ్ళీ క్రమబద్ధీకరించాలి, అలా క్రమబద్ధీకరించని ఏళ్ళ జాబితాను రెండు రాష్ట్రాల నివేదికల్లోనూ కాగ్ పదేపదే రాస్తూనే ఉంది.

2021 జులైలో అప్పటి ప్రజాపద్దుల కమిటీ ఛైర్మన్ పయ్యావుల కేశవ్ ఆంధ్రప్రదేశ్‌లో 41,043 కోట్ల రూపాయలకు సరైన బిల్లులూ వోచర్లూ లేవని గవర్నరుకు ఫిర్యాదు చేశారు. అవి నగదు చెల్లింపులు కావని, సీఎఫ్ఎంఎస్ అనే ప్రభుత్వ చెల్లింపుల సాఫ్ట్‌వేర్‌లో జరిగిన పద్దుల సర్దుబాట్లని ప్రభుత్వం జవాబిచ్చింది. ఎవరి మాట నిజమన్నది పక్కన పెట్టినా, అంత మొత్తం మీద శాసనసభ కమిటీకీ ఆర్థిక శాఖకూ వాదన వచ్చిందంటేనే, మామూలు పాఠకుడికి ఆ పద్దులు ఎంత అర్థమవుతాయో ఊహించవచ్చు.

ప్రభుత్వ ప్రకటనల ఖర్చు ఎక్కడ కనిపిస్తుంది?

సమాచార పౌరసంబంధాల శాఖ ప్రధాన పద్దు 2220లో, ప్రకటనల వివర పద్దు 260 కింద. పత్రికలవారీగా, ఛానళ్ళవారీగా చెల్లింపుల జాబితా అడగవచ్చు. ప్రకటనల్లో రాష్ట్రపతి, ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి ఫొటోలే ఉండాలని 2015 మేలో చెప్పిన సుప్రీంకోర్టు, 2016 మార్చిలో ముఖ్యమంత్రులు, గవర్నర్లు, మంత్రులకు కూడా అనుమతించింది. ప్రతి ఉదయం పేపరు మొదటి పేజీలో ఆ తీర్పు ఫలితం చూస్తూనే ఉన్నాం.

ఊళ్ళో జరిగే ఖర్చుకు ఇదంతా వర్తిస్తుందా?

ఇంకా బాగా వర్తిస్తుంది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది, ఆ ఏడాదే ఉమ్మడి రాష్ట్రంలో సామాజిక తనిఖీలకు కూడా శ్రీకారం చుట్టారు. 2009లో అందుకోసం ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేశారు. ఊరి యువకులే మస్టర్లు (హాజరు పట్టీలు) పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి ‘ఈ వారం ఆరు రోజులు పని చేశావంట, నిజమేనా’ అని అడిగి, జవాబును మండల కేంద్రంలో ప్రజావేదిక మీద అందరి ముందూ చదివేవారు. చనిపోయినవారి పేరు మీద పడిన హాజరు కూడా అలా బయటపడేది. సచివాలయంలో సలహాదారు కారు లాగ్ బుక్‌ను అలా బయట చదివే వేదిక ఒక్కటీ లేదు.

విదేశాల్లో ఉన్న తెలుగువారు సమాచారం అడగవచ్చా?

భారత పౌరసత్వం ఉన్నవారు ఎక్కడున్నా అడగవచ్చు. విదేశీ పౌరసత్వం తీసుకుని, భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు మాత్రమే ఉన్నవారికి ఆ హక్కు లేదు, ఎందుకంటే 3వ సెక్షన్ పౌరులకే హక్కు ఇచ్చింది. ఊళ్ళో ఉన్న బంధువు తన పేరుతో దరఖాస్తు పెట్టుకోవచ్చు.

జవాబు వచ్చాక ఏం చేయాలి?

కవరు పారేయవద్దు, దాని మీది తపాలా ముద్ర తేదీనే అప్పీలు గడువుకు రుజువు. వచ్చిన పేజీలు లెక్కపెట్టి, రుసుము కట్టిన పేజీల సంఖ్యతో సరిచూడండి. నోట్ ఫైలు పేజీల వరుస సంఖ్యల్లో ఏదైనా ఎగిరిపోయిందేమో చూడండి, 14 తర్వాత 17 వస్తే ఆ రెండు పేజీల కోసం అదే ఫైలు సంఖ్య వేసి మళ్ళీ రాయండి. ప్రతుల మీద ధ్రువీకరణ ముద్ర, సంతకం లేకపోతే ధ్రువీకరించిన నకళ్ళు కావాలని అడగండి, ముద్ర లేని జిరాక్సును రేపు ఏ విచారణలోనూ లెక్కలోకి తీసుకోరు.